ఓడెక్కిన జుబ్బాలు

మా ఇంట్లో నాకు పైఅధికారి మా అత్త. పనిలో మా అత్తకు పైఅధికారిని నేను. టాటానగర్ బారిడీహ్‌లో మా వీధిలో ఈ ఏర్పాటు చూసి నవ్వుకోని ఆడమనిషి లేదు. పొద్దున ఎనిమిదింటిదాకా కూరలో ఉప్పు ఎక్కువైందని, గిన్నెల అడుగు తోమలేదని ఆవిడ నాకు చెబుతుంది. తొమ్మిదిన్నర దాటాక దారప్పోగు మిగిలిందని, మడత వంకరపోయిందని నేను ఆవిడకు చెబుతాను. మధ్యలో షేర్ ఆటోలో జుగ్సలాయి వెళ్ళే అరగంట మాత్రం ఇద్దరం సమానం. ఆ అరగంటా కలిసి మా ఆయన్ని తిట్టుకుంటాం.

జుగ్సలాయి బజారు వెనక ఇరుకు సందులో కింద పప్పుల గోదాము, పైన మా కుట్టుపని షెడ్డు. పద్దెనిమిది మిషన్లు, ఒక కటింగ్ బల్ల, రెండు ఇస్త్రీ బల్లలు, కిటికీ పక్కన నా చెకింగ్ బల్ల. ఏళ్ళ తరబడి స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి గౌన్లు కుట్టి ఊళ్ళోనే అమ్మేవాళ్ళం. కుట్టడం పూర్తయిన బట్ట ముందుగా దారాలు కత్తిరించేవాళ్ళ దగ్గరికి వస్తుంది. వాళ్ళు చిన్న కత్తెరతో వేలాడే పోగులన్నీ తీసేసి, అటూ ఇటూ తిప్పి చూసి నా బల్ల మీద పెడతారు. నేను చూసి ఇస్త్రీకి పంపుతాను. ఇస్త్రీ అయ్యాక మడత, కవరు, పెట్టె. దారాలు కత్తిరించడాన్ని అందరూ చులకనగా చూస్తారు గానీ బట్ట పరువంతా అక్కడే ఉంది.

మామగారు పోయిన ఏడాదికి అత్త నా ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టింది. "ఇంట్లో కూకుంటే గోడలు మీద పడిపోతన్నాయే. నన్నూ అట్టుకెళ్ళు" అని రోజూ అదే గోల. సరే అని ఒకరోజు తీసుకెళ్ళాను. మా సేఠ్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, పీలగా ఉంటుంది. "ఈ వయసులో ఈవిడకి దారం ఏం కనిపిస్తుంది?" అన్నాడు హిందీలో. నాకు ఒళ్ళు మండింది. శుక్లాలు తీయించుకుని మూడు నెలలు కాలేదు, వీధి చివర ఎవరు దగ్గినా మనిషిని పోల్చి చెబుతోంది ఆవిడ. "ఈవిడ చూసిన బట్టలో ఒక్క పోగు దొరికితే ఈవిడతో పాటు నేనూ మానేస్తాను" అనేశాను. అన్నాక భయం వేసింది. నోరు ముందు, బుద్ధి తర్వాత, నా సంగతి ఎప్పుడూ అంతే.

కానీ ఆవిడ నా మాట నిలబెట్టింది. రెండేళ్ళలో ఒక్క పోగు దొరకలేదు. కిటికీకి రెండో పక్కనున్న స్టూలు ఆవిడదే అయిపోయింది. ఆవిడ రాని రోజున కూడా దాని మీద ఎవరూ కూర్చోరు. ఆ స్టూలంటే ఆవిడకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఇంట్లో కూడా "మా కంపినీలో" అనే మొదలుపెడుతుంది. భుయ్యాడీహ్‌లో ఉన్న తన చెల్లెలు ఎప్పుడైనా రమ్మంటే "నాకు ఆదివారమే కదే సెలవు" అంటుంది, కలెక్టరు కచేరీలో పని చేస్తున్నట్టు.

నిరుడు ఎండలు ముదిరే వేళకు మాకు మొదటిసారి పైదేశం ఆర్డరు వచ్చింది. కలకత్తాలో ఉన్న సేఠ్ బంధువు ద్వారా వచ్చింది అది. రెండువేల నాలుగొందల చంటిపిల్లల జుబ్బాలు. మెత్తటి తెల్ల మల్లు బట్ట, గుండీ అన్నది లేకుండా ముందు రెండు జతల కట్టుతాళ్ళు. అప్పుడే పుట్టిన బిడ్డ నుంచి మూడు నెలల బిడ్డ వరకు వేసుకునేవి. కలకత్తా దాకా లారీ. అక్కడ రేవు గోదాములో వేరేవాళ్ళ సరుకుతో కలిపి కంటైనర్‌లో సర్దుతారు. చిన్న ఓడ కొలంబో దాకా, అక్కణ్ణుంచి పెద్ద ఓడ రోటర్‌డామ్ దాకా. ఇదంతా సేఠ్ మమ్మల్ని మిషన్ల మధ్య నిలబెట్టి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆయనకూ అది కొత్తే. కొత్తగా నేర్చుకున్న మనిషికి చెప్పాలని ఉబలాటం ఎక్కువ.

మూడు సంగతులు మాత్రం రోజూ చెప్పేవాడు. ఓడకు ఒక గడువు ఉంటుంది, దాన్ని కటాఫ్ అంటారు, ఆలోగా సరుకు రేవుకు చేరకపోతే ఓడ మనకోసం ఆగదు. పెట్టెలో చెమ్మ ఉండకూడదు, నెల పైన సముద్రం మీద మూసి ఉండే పెట్టె, కాస్త తడి తగిలినా అక్కడ తెరిచేసరికి బూజు. ఇక మచ్చ. తెల్లబట్ట, అందులోనూ పసిపిల్లలది, ఎక్కడ మచ్చ కనిపించినా మొత్తం సరుకు వద్దంటారు. ఇది సవ్యంగా వెళితే మళ్ళీ ఆర్డర్లు వస్తాయి, లేకపోతే మళ్ళీ స్కూలు నిక్కర్లే.

మొదటి కట్ట వచ్చిన రోజు అత్త ఒక జుబ్బా చేతిలోకి తీసుకుని ముక్కు మీద వేలేసుకుంది.

"పురిటిబిడ్డకి కొత్తబట్ట ఏటే? మనకి ఇరవైయొకటో రోజుదాకా పాత పంచి గుడ్డలే కదా."

"ఆలకలగ లేదత్తా."

"మరి ఆల అమ్మమ్మలేటి సేత్తన్నారు?"

"నాకేటి తెల్సు, నానేటి సూసొచ్చేనా? నువ్వు దారాలు సూడు."

ఆవిడ జుబ్బాను ఒళ్ళో పెట్టుకుని, కత్తెర తీసుకునే ముందు ఒకసారి అరచేత్తో నిమిరింది. నేను నా పనిలో పడిపోయాను.

లారీ శనివారం బయలుదేరాలి. ఇది దానికి ముందు మంగళవారం మాట. దాదాపు సరుకంతా కవర్లలోకి వెళ్ళిపోయింది, పెట్టెల్లో సర్దడం జరుగుతోంది. టీ తాగి వచ్చి, సైజు చీటీ సరిచూద్దామని ఒక కవరు విప్పాను. జుబ్బా తిరగేస్తే కింది అంచు లోపలి మూల, కుట్టు పక్కన, ఆవగింజంత పసుపుపచ్చ చుక్క. మిషను నూనె అనుకున్నాను. తడిగుడ్డకు సబ్బు రాసి రుద్దాను. చుక్క ఎర్రగా మారిపోయింది. సూది గుచ్చుకుని ఎవరి రక్తమో అంటిందనుకుని పక్క మిషను మీది అమ్మాయి కెవ్వుమంది. సబ్బు తగిలితే ఎర్రబడేది ఏమిటో ఇరవై ఐదేళ్ళుగా వంట చేసేదానికి తెలియదా?

ఇంకో కవరు విప్పాను. అదే మూల, అదే చుక్క. తర్వాతిది బాగుంది. ఆ తర్వాతిదానికి మళ్ళీ చుక్క. ఆరో కవరు దాకా విప్పి, చుక్కలున్నవన్నీ పక్కపక్కన పరిచాను. చుక్కలన్నీ ఒకే కొలత, ఒకే చోటు. ఒక్కటి కూడా చెదరలేదు, పాకలేదు. ఇంత నేర్పు ఎవరి చేతిదో తెలుసుకోవడానికి సోదె చెప్పించుకోనక్కర్లేదు.

తల తిప్పి చూశాను. మా అత్త కత్తెర పక్కన పెట్టి, స్టీలు కుంకుమ భరిణెలో అగ్గిపుల్ల కొన ముంచుతోంది.

"అత్తా! ఏటి సేత్తన్నావు?"

"పసుపు ఎడతన్నాను." తల కూడా ఎత్తలేదు.

"దేనికి?"

"దేనికేటి? కొత్తబట్ట కదా."

"ఎన్నింటికి ఎట్టేవు?"

"నా సేతిలోకొచ్చిన అన్నింటికీని. ఒకలకెట్టి ఒకలకి మానేత్తావేటి?"

నేను అరిచాను. ఏం అరిచానో ఇప్పుడు రాయను, ఆవిడ చదివించుకుంటుంది. మొదటిసారి షెడ్డులో మిషన్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కొంతసేపటికి నా అరుపు నాకే వినిపించి ఆపాను. ఎందుకంటే అసలు తప్పు నాది. ఆవిడ కట్ట అంటే నేను విప్పి చూడటం మానేసి ఏడాది దాటింది. లెక్క చూసుకుని ఇస్త్రీకి తోసేసేదాన్ని. చెకింగ్ నాది, చీటీ మీద సంతకం నాది. దారాలు కత్తిరించేవాళ్ళు ముగ్గురు. ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవి తొమ్మిదొందల పైచిలుకు. అవి ఏ పెట్టెలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

సేఠ్ పైకి వచ్చాడు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక పెట్టె మీద కూలబడి, నేను చూపించిన జుబ్బాను అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ వైపు చూడకుండా నాతో అన్నాడు: "కల్ సే అమ్మాజీ కో మత్ లానా." రేపటి నుంచి ఆవిణ్ణి తీసుకురావద్దని.

యాభై ఏళ్ళుగా టాటానగర్‌లో ఉన్న మనిషికి ఆ మాత్రం హిందీ అర్థం కాకపోదు. ఆవిడ భరిణె మూత బిగించింది. కత్తెరను కొంగుతో తుడిచి నా బల్ల మీద పెట్టింది. స్టూలు మీంచి లేచి, గోడ పక్కన నిలబడింది.

మచ్చ పోవడానికి ఒకరు సబ్బు అన్నారు, ఒకరు నిమ్మకాయ అన్నారు, ఒకరు బ్లీచింగ్ అన్నారు. పసిపిల్లల బట్టకు ఆ వాసన పట్టిందంటే ఇంకో తద్దినం. అప్పుడు గోడ పక్కనుంచి అత్త గొంతు వినిపించింది.

"సబ్బెట్టకండి. ఒట్టి నీళ్ళల్లో జాడించి ఎండకెయ్యండి. రెండెండలు తగిల్తే పసుపు నిలబడదు."

"నిలబడదని తెలిసీ ఎందుకెట్టేవత్తా?" అన్నాను కోపంగానే.

"ఎట్టడం మన పని. అది నిలబడాలని ఎడతామేటి?"

ఆ రోజు ఆటోలో మా ఆయన్ని తిట్టుకోలేదు. సగం దారి దాకా ఇద్దరం బయటికి చూస్తూ కూర్చున్నాం. వంతెన దిగాక ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ పిల్లలెవలో నీకు తెల్సా అత్తా? పేరు తెల్సా, ఊరు తెల్సా?"

"తెల్దు. తెల్దు కాబట్టే ఎట్టేను." ఆవిడ ఒళ్ళోని సంచీ తాళ్ళు సర్దుకుంది. "మన గుంటలకయితే ఎవలో ఒకలు ఎడతారు. నా సెయ్యి దాటి ఓడెక్కీసేక ఆలకెవలెడతారే?"

నా కోపం ఎటో పోయింది. ఆవిడ నా పెద్దకూతురి మొదటి చొక్కాకు పసుపు పెట్టినప్పటి వేళ్ళు గుర్తొచ్చాయి. అప్పుడు కూడా ఇంతే చిన్న చుక్క, బట్ట పాడవకూడదని. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ స్టూలు పోయిందన్న సంగతి గట్టిగా అనుకోలేకపోయాను.

జుగ్సలాయిలో షెడ్డు డాబా మీద ఆరేస్తే లారీల దుమ్ము పడుతుంది. అందుకని ఆ రోజే కవర్లన్నీ విప్పి, చుక్కలున్న జుబ్బాలన్నిటినీ ఏరి, ఆరుగురు ఆడవాళ్ళం పంచుకుని ఇళ్ళకు తెచ్చాం. ఎక్కువ బారిడీహ్‌కే వచ్చాయి. స్టేషన్లో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన స్కూటరు మీద మూటలు మోస్తూ, "అత్తాకోడళ్ళు కలిసి నన్ను చాకలోణ్ణి సేసేరు" అని గొణిగాడు. రాత్రే ఒట్టి నీళ్ళల్లో జాడించి, కొత్త నైలాను తాళ్ళు కట్టాం. మంచాల మీద ఉతికిన దుప్పట్లు పరిచి వాటి మీద కూడా ఆరేశాం. బుధవారం పొద్దున తొమ్మిదింటికల్లా మా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి జుబ్బాలు. గాలి వీస్తే వాటి చిట్టి చేతులన్నీ ఒకేసారి ఊగేవి.

ఇక చూడాలి నా అవస్థ. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగడమే. "ఎవలింట్లో పురుడు?" అని ఒకరు. "ఇన్ని జుబ్బాలేటి, ఎంతమంది పుట్టేరేటి?" అని ఒకరు. ఎదురింటి బీహారీ పెద్దావిడ మిఠాయి ఏదని అడిగి, సంగతి విన్నాక నవ్వలేక గుమ్మంలో కూలబడి, ఆ తర్వాత తన డాబా మీది తాళ్ళు కూడా ఇచ్చింది. మా చిన్నది కాలేజీకి వెళుతూ, "దాదీ, ఆప్ తో ఫేమస్ హో గయీఁ" అంది, పేరుమోసిపోయావని. దాని నాన్నమ్మ తెలుగులో తిడితే అది హిందీలో నవ్వుతుంది, ఆ ఇద్దరి వ్యవహారం అలాగే నడుస్తుంది.

మా అత్త మాత్రం ఆ రెండు రోజులూ ఎండలో గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చుంది. అరగంటకోసారి లేచి చుక్కలున్న మూలలను ఎండకు తిప్పేది. బుధవారం సాయంత్రానికి ఆవగింజలు లేత గంధం రంగుకు వచ్చాయి. గురువారం మధ్యాహ్నానికి, ఎక్కడ ఉందో తెలిసి వెతికితే తప్ప కనిపించడం లేదు. నేను షెడ్డు నుంచి గంట ముందే వచ్చి చూసి, ఊపిరి పీల్చుకుని, చెంబుడు మజ్జిగ తాగాను.

ఆ మజ్జిగ పూర్తి కాలేదు. పడమటి దిక్కున ఆకాశం ఇనుప రేకులా నల్లబడింది. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, వైశాఖం దగ్గర పడితే సాయంత్రాల్లో వచ్చే గాలివాన, కాలబైశాఖి. ముందు దుమ్ము లేస్తుంది, పది నిమిషాల్లో వాన. "లెగండే! జుబ్బాలు!" అని అత్త అరిచిన అరుపుకు వీధి మొత్తం లేచింది. ఎవరి తాడు, ఎవరి బట్ట అని చూడలేదు ఎవరూ. గరిట పట్టుకున్న ఆవిడ గరిటతోనే వచ్చింది. పూజలో ఉన్న ఆవిడ గంట కింద పెట్టి వచ్చింది. నేను డాబా మీద దుప్పటి నాలుగు కొసలూ పట్టి లాగుతుంటే మొదటి చినుకు నా చేతి మీద పడింది, బట్ట మీద పడలేదు.

అందరూ తెచ్చి మా ముందుగదిలో కుప్ప పోస్తుంటే అత్త మంచం మీద కూర్చుని లెక్కపెట్టింది. మా ఇంటి వాటాలో ఒకటి తగ్గింది. ఇంకోసారి లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది. వాన దంచుతోంది. "ఒకటే కదత్తా, పోన్లే" అన్నాను. నా వైపు చూసిన చూపుకు నేనే తల దించుకున్నాను. వాన వెలిశాక వెతికితే, ఎదురింటి వరండాలో సైకిలు హ్యాండిలుకు రెండు చేతులూ తగిలించుకుని, పొడిగా, చులాగ్గా వేలాడుతోంది అది. ఎవరో పరిగెత్తే హడావిడిలో అక్కడ తగిలించి మరిచిపోయారు. దాన్ని తెచ్చి ఇస్తే ఆవిడ కళ్ళకు అద్దుకుని కుప్ప మీద పెట్టింది.

ఆ సాయంత్రం ఆరుగురి వాటాలూ మా ఇంటికే వచ్చాయి. కిటికీ దగ్గర వెలుతురు ఉన్నంతసేపూ, ఆ తర్వాత ట్యూబులైటు కింద, ఆవిడా నేనూ ఒక్కొక్కటీ చూశాం. నాకు బాగున్నట్టే కనిపించిన పదకొండు ఆవిడ పక్కకు తీసింది. "ఇంకా ఉన్నాది" అంది. వాటిని శుక్రవారం ఇంకో ఎండ చూపించి, మా ఆయన మధ్యాహ్నం తెచ్చి ఇచ్చాడు. శుక్రవారమంతా షెడ్డులో ఇస్త్రీ, మడత, కవర్లు. ఈసారి ప్రతి కవరూ నా చేత్తో చూశాను. కిటికీకి రెండో పక్కన స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో పొరపాటున కవర్ల కట్ట పెడితే కసిరాను.

శనివారం పొద్దున నేను బయలుదేరుతుంటే అత్త గుమ్మం దాకా వచ్చి నా చేతిలో కుంకుమ భరిణె పెట్టింది.

"బట్టకొద్దన్నారు. ఒద్దులే. పెట్టికెట్టు."

"నీకేటైనా మతి పోయిందేటి? ఒకపాలి నీ పని పోనాది, ఇప్పుడు నా పని కూడా పోవాలా?"

ఆవిడ భరిణెను వెనక్కి తీసుకోలేదు. దారిలో ఎక్కడైనా పారేద్దామని సంచీలో పడేశాను.

పెట్టెలు అరవై, పెట్టెకు నలభై జుబ్బాలు. చెమ్మ పీల్చే పొట్లం చివర్లో వేసి, అప్పుడు టేపు వేయాలి. ఆ పని నేను ఒక్కదాన్నే చూసుకుంటానని ఉంచుకున్నాను. కింద సందులో లారీ వచ్చి నిలబడింది. కిటికీలోంచి చూస్తే, సేఠ్ దాని ముందు అద్దానికి బంతిపూల దండ వేయించి, నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించి, టైరు ముందు కొబ్బరికాయ కొడుతున్నాడు. కొబ్బరినీళ్ళు రెండు చేతులా లారీ మీద చల్లాడు. ఎంత భక్తిగా చల్లాడో! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. లారీకి కొబ్బరికాయ కొట్టొచ్చు, పసిబిడ్డ బట్టకు పసుపు పెట్టకూడదా? ఇందాక చెప్పాను కదా నా సంగతి. చెయ్యి సంచీలోకి వెళ్ళిపోయింది.

జుబ్బాల మీద కాదు. పెట్టె మూత లోపలి వైపు, అట్ట మూలన, ఉంగరపు వేలితో ఒక్క చుక్క. ఆరేదాకా ఆగి, పొట్లం వేసి, మూత వేసి, టేపు. అరవై పెట్టెలకూ పెట్టాను. మొదటి పదింటికి భయపడుతూ పెట్టాను, తర్వాత భయం పోయింది, చివరికి వచ్చేసరికి ఆ పని ఇష్టమైపోయింది. ఒకరికి పెట్టి ఒకరికి మానెయ్యలేదు. ఇంటికి వచ్చి ఖాళీ భరిణె ఇస్తే అత్త మూత తీసి చూసి, ఆ పూట కూరలో ఉప్పు సరిపోయిందని మాత్రం అంది. మా ఇంట్లో అది చిన్న మాట కాదు.

సరుకు గడువులోగా రేవుకు చేరింది. ఓడ కదిలిందని సేఠ్ చెప్పిన రోజు మా చిన్నది ఫోనులో ఓడలు కనిపించే మ్యాపు తీసి, దాని పేరు వెతికి నాన్నమ్మకు చూపించింది. నీలం మీద చిన్న బాణం గుర్తు. మూడో రోజు పొద్దున చూస్తే అది మన తీరం పక్కగా కిందికి దిగుతోంది. కళింగపట్నం పేరు చదివింది మా చిన్నది. అత్త పుట్టింది ఆ పక్క సముద్రపు ఒడ్డు ఊళ్ళోనే.

"మా ఊరి ముందునుంచే ఎల్తన్నాదా?"

"హాఁ దాదీ, అభీ వహీఁ హై" అంది, ఇప్పుడు అక్కడే ఉందని.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది. "సిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఓడలు సూసేవోలం. అందులో ఏటుందో ఎవలికీ తెల్దు. అడిగినా సెప్పీవోలు లేరు" అంది. ఫోను మనవరాలికి తిరిగిస్తూ, "ఇప్పుడు నాకు తెల్సు" అంది. ఆ ఉదయం నాకు చాలా సంతోషం వేసింది. ఆవిడ పని పోయిందన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను.

తర్వాత రెండు నెలలు మాత్రం మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. ఆవిడ చేతులు ఊరుకోవు. మా ఆయన లుంగీ అంచులు, కర్టెన్లు, దిండు గలీబులు, దేనికి పోగు వేలాడినా కత్తిరించేసింది. మా చిన్నదాని జీన్సు ప్యాంటుకు మోకాళ్ళ దగ్గర ఫ్యాషన్ కోసం వదిలిన దారాలన్నీ శుభ్రంగా తీసేసి, ఇంట్లో పెద్ద యుద్ధం తెచ్చింది. ఒకరోజు భుయ్యాడీహ్ నుంచి చెల్లెలు వస్తే, పనిలోకి వెళ్ళడం లేదేం అని అడిగింది. నేను వంటింట్లోంచి విన్నాను. "సెలవెట్టేను" అంది మా అత్త. గిన్నె తోముతున్న నా చెయ్యి ఆగిపోయింది. నాకు ఏడుపు వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆషాఢం వానల్లో ఒక సోమవారం సేఠ్ నన్ను కిందికి పిలిచాడు. ఫోను నా ముందు పెట్టాడు. తెరిచిన పెట్టె ఫొటో. మూత లోపలి వైపు, మూలన, నా ఉంగరపు వేలి చుక్క. అంత దూరం సముద్రం దాటి కూడా పచ్చగా ఉంది. పెట్టె లోపల ఎండ ఎక్కడుంటుంది, వెలిసిపోవడానికి?

"యే క్యా హై?"

అబద్ధం ఆడదామన్నా ఏ అబద్ధం ఆడాలో తోచలేదు. "పసుపు. అరవై పెట్టెలకూ నేనే పెట్టాను" అన్నాను.

ఆయన కొన్నవాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులో వచ్చిన కబురు హిందీలో చదివి చెప్పాడు. పెట్టెలన్నీ తెరిచి చూశారట. ఒక్క జుబ్బా కూడా వెనక్కి తీయలేదట. పెట్టె పెట్టెకూ మూత లోపల ఈ పచ్చ గుర్తు కనిపించిందట, సరుకు చూసిన మనిషి వేసే గుర్తు కాబోలు అనుకున్నారట. ఈసారి ఇంతకు రెట్టింపు కావాలి, ప్రతి పెట్టెకూ ఆ గుర్తు మాత్రం తప్పకుండా వేయించండి అని రాశారు.

సేఠ్ ఫోను బోర్లా పెట్టాడు. నవ్వు ఆపుకుంటున్నాడని మీసం చెబుతోంది. "సరే. అయితే ఇప్పుడు హల్దీ ఎవరు పెడతారు?" అన్నాడు.

"దానికి మనిషి ఉంది సేఠ్‌జీ" అన్నాను. "ఇంట్లో ఉంది. సెలవు పెట్టింది."

"సెలవు అయిపోయిందని చెప్పు" అన్నాడు.

మర్నాడు ఆటోలో మా ఆయన్ని మనసారా తిట్టుకున్నాం. అత్త షెడ్డులోకి వచ్చి, స్టూలు మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచి కూర్చుంది. భరిణె కిటికీ అంచు మీద పెట్టుకుంది. నేను కొత్త కట్ట ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఇక నుంచి ఆవిడ కట్టలు కూడా అన్నిటితో పాటు విప్పి చూస్తానని చెప్పాను. ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడకు ఇంకో సంగతి కావాలి.

"మరి ఆలు ఆ సుక్కని సూసి ఏటనుకున్నారే?"

"ఎవలో ఒక మనిషి ఈ బట్టల్ని మనసెట్టి సూసింది, అందుకే ఈ గుర్తెట్టింది అనుకున్నారంట."

"సరిగ్గానే అనుకున్నారు కదేటి" అంది మా అత్త, కత్తెర అందుకుంటూ.